సిగ్గు కన్నా ముందు పరీక్ష

మన ఇళ్ళలో స్త్రీల ఆరోగ్యం గురించి ఇప్పుడిప్పుడే కొంత మాట్లాడుకుంటున్నాము. రక్తహీనత, థైరాయిడ్, కాన్పు కష్టాలు వంటివి కనీసం వంటింట్లోనైనా ప్రస్తావనకు వస్తాయి. పురుషుని దేహంలోని లోపం మాత్రం అతని నోరు దాటి బయటకు రాదు. తల్లికి చెప్పలేడు, తండ్రిని అడగలేడు, భార్య ముందు ఒప్పుకోలేడు. ఈ మౌనాన్ని మనం మర్యాద అనుకుంటాము. దాని మూల్యం ఏమిటో గడచిన ఐదేళ్ళలో మా కళ్ళారా చూశాము.

మాకు బాగా తెలిసిన ముగ్గురు పురుషుల జీవితాలతో ఒకే మందుకు మూడు రకాల సంబంధం ఏర్పడింది. మొదటివారికి ఆ మందు అవసరం, కాని ఆ సంగతి తెలియదు. రెండవవారికి అవసరం లేదు, కాని కావాలన్నారు. మూడవవారు ఎవరినీ అడగకుండా వాడారు. ఆ మందు టెస్టోస్టిరాన్, అంటే పురుషత్వ హార్మోను. ఈ సంగతులు రాయడానికి ముగ్గురి అనుమతి తీసుకున్నాము. పేర్లు మాత్రం రాయడం లేదు.

మాది షాబాద్. ఆ పేరు వినగానే చాలామందికి ఇళ్ళలో పరచుకునే బండలు గుర్తుకొస్తాయి. ఆ బండల షాబాద్ కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది. మాది రంగారెడ్డి జిల్లా షాబాద్, చేవెళ్ళకు పొరుగు మండలం. పెద్ద జబ్బు అంటే చేవెళ్ళ మీదుగా, మొయినాబాద్ మర్రిచెట్ల దారిన హైదరాబాద్ వెళ్ళడమే మాకు అలవాటు. ఆ ప్రయాణానికి ఒక పగలు, ఒక రోజు కూలి పోతాయి. అందుకే మావంటి చోట్ల సిగ్గుకు ఖర్చు కూడా తోడై మనిషిని ఇంట్లోనే కూర్చోబెడుతుంది.

మొదటివాడు మా చిచ్చా కుమారుడు, మాకు తమ్ముడి వరస. ఇంటిల్లిపాదిలోకీ పొడగరి, నెమ్మదస్తుడు. ఇరవై మూడేళ్ళు వచ్చినా అతని గడ్డం మీద వెంట్రుక మొలవలేదు. ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక పెద్దమనిషి అందరి ముందూ అతణ్ణి ఆపి, గడ్డం పెంచడం సున్నతు కదా బేటా, ఎందుకు గీయించుకుంటున్నావు అని మందలించారు. ఆయన ఉద్దేశం మంచిదే. కాని మా తమ్ముడు ఆనాటివరకూ కత్తి చేత పట్టి ఎరుగడు. ఆ మాట కూడా చెప్పలేక తలవంచుకొని వచ్చేశాడు. ఆ తర్వాత చాలా నెలలు ఆ మసీదుకు వెళ్ళలేదు, దూరంగా ఉన్న మరో మసీదుకు నడిచి వెళ్ళేవాడు. కారణం మాకెవరికీ తెలియదు.

అసలు విషయం ఎముక ద్వారా బయటపడింది. ఇంటి మెట్ల మీద చిన్నగా జారితే ముంజేయి విరిగింది. కట్టు కట్టిన వైద్యుడు ఎక్స్‌రే చూసి, ఈ వయసులో ఎముక ఇంత పలుచగా ఉండకూడదన్నారు. అతని పొడవైన చేతులను, నున్నని చెంపలను గమనించి హైదరాబాద్‌లోని హార్మోన్ల వైద్యుని దగ్గరకు పంపారు. రక్తపరీక్షలో టెస్టోస్టిరాన్ చాలా తక్కువగా ఉంది. క్రోమోజోముల పరీక్షలో కారణం తేలింది. అందరికీ 46 క్రోమోజోములు ఉంటాయి. మా తమ్ముడికి ఎక్స్ క్రోమోజోము ఒకటి ఎక్కువగా ఉండి మొత్తం 47 ఉన్నాయి. దీనిని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. అమెరికా వైద్యుడు హ్యారీ క్లైన్‌ఫెల్టర్ 1942లో దీని లక్షణాలను వర్ణించారు. అదనపు క్రోమోజోమే దీనికి మూలమని 1959లో తెలిసింది. సుమారు ఆరువందల మంది మగశిశువులలో ఒకరికి ఇది ఉంటుంది. చాలామందికి ఉన్నట్లే తెలియదు.

ఈ మాట వినగానే చిచ్చా, మా వంశంలో ఇలాంటివి లేవు అన్నారు. చిచ్చీ వైపు చూసి అన్నారు. అప్పుడు వైద్యుడు చెప్పిన మాటను మన కుటుంబాలన్నీ వినాలి. ఇది తరతరాలుగా వచ్చే జబ్బు కాదు. బీజం ఏర్పడే సమయంలో యాదృచ్ఛికంగా జరిగే మార్పు. తల్లి తిన్న తిండి వల్లగాని, తండ్రి చేసిన పని వల్లగాని, ఎవరి దిష్టి వల్లగాని కలిగేది కాదు. ఆ మాట విన్న చిచ్చీ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఇరవై మూడేళ్ళుగా ఆమెను ఎవరూ నిందించలేదు. కాని ఆ ఒక్క చూపులో నింద మొదలు కాబోయింది.

ఇక్కడ ఈ హార్మోను సంగతి కొంత చెప్పుకోవాలి. మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. అది పంపే ఆజ్ఞను అందుకొని వృషణాలు టెస్టోస్టిరాన్‌ను తయారుచేస్తాయి. గడ్డం, గొంతు, కండ, ఎముకల బలం, ఎర్రరక్తకణాలు, కోరిక, ఇవన్నీ చాలావరకు దాని మీద ఆధారపడి ఉంటాయి. వృషణాలు దెబ్బతిన్నా, ఆజ్ఞ పంపే గ్రంథి దెబ్బతిన్నా హార్మోను తగ్గుతుంది. 1935లో ఐరోపా శాస్త్రజ్ఞులు దీనిని విడదీసి, ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ కృషికి సంబంధించి బ్యూటెనాంట్, రుజీచ్కా అనే ఇద్దరికి 1939లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. అప్పటినుండి, శరీరం తయారుచేసుకోలేని హార్మోనును బయటినుండి అందించడం సాధ్యమైంది.

ఈ చికిత్స ఎవరికోసం? క్లైన్‌ఫెల్టర్ ఉన్నవారికి. యౌవనంలో గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచి ఎండిపోయినవారికి. వృషణాలు కిందికి దిగక దెబ్బతిన్నవారికి, ప్రమాదంలోనో శస్త్రచికిత్సలోనో వాటిని కోల్పోయినవారికి. క్యాన్సర్ చికిత్స వల్ల హార్మోను తగ్గినవారికి. పీయూష గ్రంథిలో గడ్డ లేచినవారికి, తలకు బలమైన గాయమై ఆ గ్రంథి దెబ్బతిన్నవారికి. తలసేమియాకు ఏళ్ళతరబడి రక్తం ఎక్కించుకోవడం వల్ల ఇనుము పేరుకొని గ్రంథులు పాడైనవారికి. యౌవన లక్షణాలు మరీ ఆలస్యమైన బాలురకు కూడా వైద్యులు తక్కువ మోతాదులో కొద్ది నెలలు ఇస్తారు. వీరందరికీ ఇది బలవర్ధకం కాదు. మధుమేహ రోగికి ఇన్సులిన్ ఎటువంటిదో వీరికి ఇది అటువంటిది.

మా తమ్ముడికి చికిత్స మొదలుపెట్టే ముందు వైద్యుడు ఒక ప్రశ్న వేశారు. సంతానం విషయం ఆలోచించారా అని. క్లైన్‌ఫెల్టర్ ఉన్నవారి వృషణాల నుండి చిన్న శస్త్రచికిత్స ద్వారా వీర్యకణాలను వెదికి తీసే పద్ధతి ఉంది. కొందరిలో దొరుకుతాయి, కొందరిలో దొరకవు. దొరికితే భద్రపరచి, వివాహమైన తర్వాత భార్య అండంతో కలపవచ్చు. టెస్టోస్టిరాన్ మొదలుపెడితే ఆ కొద్ది అవకాశమూ సన్నగిల్లుతుంది కాబట్టి ముందే ప్రయత్నించమన్నారు. ప్రయత్నించారు. దొరకలేదు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో మొయినాబాద్ దాటేవరకూ బస్సులో ఎవరమూ మాట్లాడలేదు. చివరికి అతనే, కనీసం ఇప్పుడు తెలిసింది కదా భాయి అన్నాడు.

ఆ తర్వాత సూదిమందు మొదలైంది. రెండు మూడు వారాలకొకసారి ఇచ్చేది ఒకటి, సుమారు మూడు నెలలకొకసారి ఇచ్చేది మరొకటి ఉన్నాయి. రోజూ భుజాలకు పూసుకునే జెల్ కూడా ఉంది. జెల్ పూసుకున్నవారు చేతులు కడుక్కోవాలి, పూసిన చోటును బట్టతో కప్పుకోవాలి. లేకపోతే ఎత్తుకున్న పసిపిల్లలకు, భార్యకు ఆ మందు అంటి హాని చేస్తుంది. ఉపవాసం సంగతి కూడా మా తమ్ముడు అడిగి తెలుసుకున్నాడు. పోషకాహారం కాని సూదిమందు వల్ల, చర్మానికి పూసే మందుల వల్ల రోజా భంగం కాదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. కాబట్టి రమజాను నెల చికిత్సకు అడ్డు కాదు.

ఏడాదిన్నరలో అతని నీరసం తగ్గింది. పై పెదవి మీద, గడ్డం కింద నూగు వచ్చింది. ఎముకల పరీక్ష మునుపటికన్నా మెరుగైంది. అతడు మళ్ళీ మన మసీదుకే వస్తున్నాడు. అయితే ఈ మందు ఏమి ఇవ్వలేదో కూడా చెప్పాలి. అది సంతానాన్ని ఇవ్వదు. ఇక్కడే మా కుటుంబానికి అసలు పరీక్ష ఎదురైంది.

వివాహ సంబంధం ఒకటి వచ్చింది. కొందరు బంధువులు, ఇప్పుడే ఎందుకు చెప్పడం, నికాహ్ అయ్యాక అల్లాహ్ చూసుకుంటాడు అన్నారు. అల్లాహ్ మీద నమ్మకం వేరు, అల్లాహ్ పేరు చెప్పి నిజాన్ని దాచడం వేరు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సంతాన సామర్థ్యం లేని ఒక వ్యక్తి ఆ సంగతి చెప్పకుండా వివాహం చేసుకున్నాడు. ఆ విషయం తెలిసిన ఉమర్ (రజి), ముందు నీ భార్యకు తెలియజేయి, ఆపై ఉండడమో విడిపోవడమో ఆమెనే నిర్ణయించుకోనివ్వు అన్న భావంతో అతణ్ణి ఆదేశించారు. ముసన్నఫ్ అబ్దుర్రజ్జాఖ్‌లో ఈ ఉదంతం ఉంది. మేము దీనిని చిచ్చాకు వినిపించాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, అమ్మాయి తండ్రికి తానే చెబుతానన్నారు, వెళ్ళి చెప్పారు. వారం తర్వాత వారు మర్యాదగా కాదన్నారు. ఆ కుటుంబం ఈ సంగతిని ఈనాటివరకూ ఎవరికీ చెప్పలేదు. వారిపట్ల మాకు కృతజ్ఞతే ఉంది. మా తమ్ముడికి ఇంకా వివాహం కాలేదు. కాని ఏ ఆడపిల్ల జీవితాన్నీ చీకటిలో ఉంచి తెచ్చుకోలేదన్న తృప్తి ఆ ఇంట్లో ఉంది.

రెండవవారు మా ఆపా భర్త, మా దుల్హాభాయి. వయసు యాభై రెండు. కూరగాయల వ్యాపారం, తెల్లవారుజామున లేచి బండి ఎక్కించి పంపాలి. పదేళ్ళుగా మధుమేహం, పెద్ద పొట్ట, గోడ అవతలికి వినిపించే గురక. పగలంతా నీరసం. ఎక్కడో గోడపత్రిక చూసి, మగతనం తగ్గింది, టెస్టోస్టిరాన్ సూది వేయించుకుంటానని పట్టుబట్టారు. ఒక మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళి రక్తమిస్తే డెసీలీటరుకు 270 నానోగ్రాములు వచ్చింది. 300కు తక్కువ ఉంటే లోపమని ఎవరో చెప్పారు. ఆ కాగితం పట్టుకొని మందుల దుకాణానికి బయలుదేరబోతుంటే ఆపా అడ్డుపడి వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళారు.

ఈ హార్మోను ఉదయం ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. భోజనం చేసినా తగ్గుతుంది. అందుకే పది గంటలలోపు, పరగడుపున, వేర్వేరు రోజులలో రెండుసార్లు పరీక్షించి, లక్షణాలను కూడా చూసిన తర్వాతనే లోపమని నిర్ధారిస్తారు. దుల్హాభాయికి అలా చేస్తే 330, 345 వచ్చాయి. లోపం లేదు. నీరసానికి కారణం గురకలో దాగి ఉంది. నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోతోంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, అదుపు తప్పిన చక్కెర, చెడిన నిద్ర, ఈ మూడూ హార్మోనును కిందికి లాగుతాయి. వీటిని సరిచేస్తే అది చాలామందిలో దానంతటదే కొంత పెరుగుతుంది. పైగా నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ముదిరి, చికిత్స లేకుండా ఉన్నవారికి టెస్టోస్టిరాన్ ఇస్తే ఆ జబ్బు ఎక్కువ కావచ్చునని వైద్యుడు హెచ్చరించారు.

దుల్హాభాయి మొదట అలిగారు. డబ్బు పెట్టి వెళితే మందు ఇవ్వకుండా నడవమంటారేమిటి అన్నారు. తర్వాత నిద్రకు గాలి యంత్రం తెచ్చుకున్నారు, రాత్రి అన్నం తగ్గించారు, ఫజ్ర్ తర్వాత చేవెళ్ళ రోడ్డు మీద నడక మొదలుపెట్టారు. ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గారు. నీరసం పూర్తిగా పోలేదు, కాని సూది మాట మళ్ళీ ఎత్తలేదు.

యౌవనాన్ని సూదిలో వెదకడం కొత్త సంగతి కాదు. 1889లో బ్రౌన్ సెకార్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు డెబ్బై రెండేళ్ళ వయసులో జంతువుల వృషణాల రసాన్ని తనకు తానే ఎక్కించుకొని, బలం తిరిగి వచ్చిందని ప్రకటించారు. ఆ రసంలో పనిచేయగలిగినంత హార్మోను ఉండదని తర్వాత తెలిసింది. ఆయన పొందిన బలం నమ్మకం ఇచ్చినదే. మన గోడల మీది ప్రకటనలు నేటికీ ఆ నమ్మకాన్నే అమ్ముతున్నాయి. లైంగిక శక్తిని పెంచుతామని మందులను ప్రచారం చేయడాన్ని మన దేశంలో 1954నాటి చట్టమే నిషేధించింది.

నిజమైన మందు కూడా నిఘా లేకుండా వాడవలసినది కాదు. అది ఎర్రరక్తకణాలను పెంచుతుంది. రక్తంలో వాటి భాగం 54 శాతం దాటితే రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, మందు ఆపవలసి వస్తుంది. ప్రోస్టేట్ గ్రంథిని కూడా గమనిస్తూ ఉండాలి. గుండెజబ్బు ఉన్నవారు, వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవారు ఐదువేలకు పైగా పాల్గొన్న ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. నిర్ధారించిన లోపానికి ఈ మందు వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. అది ఊరట కలిగించే మాటే. కాని గుండె లయ తప్పడం, ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టడం మందు వాడినవారిలో కొంత ఎక్కువగా కనిపించాయి. లోపం ఉన్నవారు వైద్యుని సలహాతో ఈ లాభనష్టాలను తూచుకోవచ్చు. లోపమే లేనివారికి తూచుకోవడానికి లాభం వైపు ఏముంది?

మూడవ ఉదంతం చెప్పడానికి మాకు బాధగా ఉంది. చేవెళ్ళ వైపు గ్రామంలో మాకు తెలిసిన ఒక యువకుడు వ్యాయామశాలలో చేరాడు. కండలు త్వరగా వస్తాయని అక్కడ ఎవరో ఇచ్చిన సూదులు వేయించుకున్నాడు. అదీ టెస్టోస్టిరానే. నికాహ్ తర్వాత కూడా ఆపలేదు. మూడేళ్ళు సంతానం కలగలేదు. మూడేళ్ళూ పరీక్షలు భార్యకే జరిగాయి. స్కానింగులు, మాత్రలు, తావీదులు అన్నీ ఆమెకే. చివరికి అత్తగారు రెండవ నికాహ్ మాట కూడా ఎత్తారు. అప్పుడు ఒక వైద్యురాలు, భర్త వీర్యపరీక్ష కాగితం తెచ్చేదాకా ఈ అమ్మాయికి మరో పరీక్ష రాయనన్నారు. పరీక్ష చేస్తే ఒక్క వీర్యకణం కూడా లేదు.

కారణం చాలామందికి వింతగా తోస్తుంది. బయటినుండి హార్మోను అందగానే పీయూష గ్రంథి, చాలినంత ఉంది కదా అని వృషణాలకు ఆజ్ఞ పంపడం మానేస్తుంది. ఆజ్ఞ లేక వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. మగతనానికి అని తీసుకున్న మందే తండ్రి అయ్యే దారిని మూసివేస్తుంది. ఇది ఎంత నిశ్చయమంటే, వారం వారం టెస్టోస్టిరాన్ సూది ఇచ్చి దానిని పురుషుల గర్భనిరోధకంగానే పరీక్షించిన పరిశోధనను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ప్రచురించింది. అందుకే సంతానం కోరుకునే పురుషునికి, నిజమైన లోపం ఉన్నా సరే, వైద్యులు ఈ మందు ఇవ్వరు. పీయూష గ్రంథి లోపమైతే వృషణాలను మేల్కొలిపే వేరే సూదులు ఇస్తారు.

ఆ యువకుడు సూదులు ఆపాడు. పద్నాలుగు నెలలకు కణాలు కొద్దికొద్దిగా కనిపించసాగాయి. సంతానం ఇంకా కలగలేదు. ఆ అమ్మాయి మా ఇంటి ఆడవారితో ఒక మాట అన్నది. మూడేళ్ళు నాకు చేసిన పరీక్షలలో ఒక్కటి ఆయనకు చేసి ఉంటే సరిపోయేది కదా ఆపా అని. ఈ మాటకు ఆ ఇంటి పెద్దలే కాదు, మనమందరమూ జవాబు చెప్పుకోవాలి. సంతానలేమితో బాధపడే జంటలలో దాదాపు సగం మందిలో పురుషుని వైపు కూడా కారణం ఉంటుంది. అతని పరీక్ష తేలిక, ఖర్చు తక్కువ, కోత లేదు. చికిత్స నిమిత్తం భార్య సహాయంతో నమూనా ఇవ్వడానికి ధర్మం అడ్డురాదని ఉలమాలు చెబుతున్నారు. అయినా మనం దానిని చివరికి నెడతాము.

సంతానం ఇవ్వడమూ, ఇవ్వకపోవడమూ అల్లాహ్ అధీనంలో ఉన్నాయని దివ్యఖుర్ఆన్‌లోని అష్షూరా సూరా మనకు తెలియజేస్తుంది. ఆ మాట స్త్రీపురుషులిద్దరికీ వర్తిస్తుంది. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీల దేహానికి సంబంధించిన ప్రశ్నను దైవప్రవక్త (స) సన్నిధిలో అడిగారు. సత్యం విషయంలో సంకోచం తగదన్న భావంతో ఆమె ఆ ప్రశ్న మొదలుపెట్టారు. ఆయన ఆమెను వారించలేదు, వివరంగా జవాబు చెప్పారు. రోగానికి చికిత్స చేయించుకోవాలని కూడా ఆయన బోధించారు. హయా అంటే అనవసరమైన దానిని కప్పడం, అవసరమైన దానిని దాచడం కాదు.

కాబట్టి తండ్రులకు మా విన్నపం. పద్నాలుగేళ్ళు వచ్చినా మీ కుమారునిలో యౌవన లక్షణాలు కనబడకపోతే, గవదబిళ్ళలతో పాటు వృషణాలు వాస్తే, ఎగతాళి చేయకండి, వైద్యునికి చూపండి. నడివయసు సోదరులు నీరసానికి సూది కోరేముందు చక్కెర, బరువు, నిద్ర చూపించుకోండి. వ్యాయామశాలలో సూది పట్టుకొచ్చిన వాడిని, ఇది వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని మందు కదా అని నిలదీయండి. అత్తగార్లు కోడలిని ఆసుపత్రికి పంపే రోజునే కుమారుణ్ణి కూడా వెంట పంపండి. మసీదులో గడ్డం లేని యువకుడు కనిపిస్తే సలాం చెప్పి పక్కన చోటివ్వండి.

మన దేహాలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. వాటిలో లోపమున్నప్పుడు నిజం తెలుసుకునే ధైర్యాన్ని, తెలిసిన నిజాన్ని దాచని నిజాయితీని, ఒకరి లోపాన్ని మరొకరు కప్పే దయను ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.